పేపరు వేయించడానికి ఎంతవుతుంది?

2024 లోక్‌సభ ఎన్నికల్లో సూరత్ నగర ఓటరుకు పోలింగ్ కేంద్రం దాకా నడిచే శ్రమ తప్పింది. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురికావడం, మిగిలినవారు ఒకరి వెంట ఒకరు తప్పుకోవడంతో ఏప్రిల్ 22న భాజపా అభ్యర్థి పోటీ లేకుండా గెలిచినట్టు ప్రకటించారు. నగరం అంచున, తాపీ నది ఒడ్డున, జాతీయ రహదారి మీదున్న కామ్‌రేజ్ మాత్రం బార్డోలీ నియోజకవర్గంలో ఉంది కనుక అక్కడ మే 7న పోలింగ్ జరిగింది. ఓటు లేని నగరాన్నీ, ఓటున్న శివారునూ పక్కపక్కన పెట్టి చూద్దామని ఆ వారం నేనక్కడ తిరిగాను. రాజకీయ సంగతులు అప్పుడే రాశాను. రాయకుండా నా దగ్గరే మిగిలిపోయిన సంగతి ఒకటుంది. ఏడాదికి పైగా అది నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

కామ్‌రేజ్ కూడలి దగ్గర నాయకుల నిలువెత్తు బొమ్మల మధ్య ఒక ప్రైవేటు కళాశాల ప్రకటన ఫలకం కనిపించింది. కోటు తొడుక్కున్న ఒక డిగ్రీ విద్యార్థి ఫొటో. కింద అతను పరిశోధన చేసిన శాస్త్రాల వరుస. పదార్థ విజ్ఞానం, జీవ సాంకేతికం, కృత్రిమ మేధ, ఔషధ శాస్త్రం, పర్యావరణం. ఇన్ని ప్రచురణలు, ఇన్ని పేటెంట్లు. కళాశాల పేరు ఇక్కడ రాయను, కుర్రాడి పేరు అసలే రాయను. అతను నిజంగానే ప్రతిభావంతుడు కావచ్చు. అతని వ్యాసాలు నేను చదవలేదు కాబట్టి మంచిచెడ్డలు చెప్పే హక్కు నాకు లేదు. పంతొమ్మిదేళ్ల పిల్లవాడిని మధ్యలో నిలబెట్టి చుట్టూ పెద్దలు నడుపుతున్న వ్యవహారం గురించే నా పేచీ అంతా.

ఆ సాయంత్రం లింబాయత్‌లో మనవాళ్ల ఇంటికి వెళ్లాను. వరంగల్, నల్లగొండ, కరీంనగర్ ప్రాంతాల పద్మశాలీలు సూరత్ సాంచెల మీద తరాలుగా బతుకుతున్న సంగతి పాఠకులకు తెలిసిందే. ఆ ఇంటాయన ముప్పై ఏళ్లుగా సాంచెలు నడుపుతున్నాడు. చెవులు సగం పోయాయి. నేను శాస్త్ర పరిశోధన గురించి కూడా రాస్తుంటానని ఎవరో చెప్పారట. ఛాయ్ ఇచ్చి, కాస్త తటపటాయించి అడిగాడు: "మా పిలగాడు గూడ బీఎస్సీ సదువుతున్నడు సార్. అందరు పేపరు, పేపరు అంటున్నరు. పేపరు ఏపియ్యాలంటే ఎంతైతది?"

వార్తాపత్రికలో ప్రకటన గురించి అడుగుతున్నాడేమో అనుకున్నాను మొదట. కాదు. పరిశోధన పత్రం. ఇల్లు రిజిస్ట్రేషన్‌కు ఎంతవుతుంది, పిల్ల పెళ్లికి హాలు ఎంతకు దొరుకుతుంది అని అడిగినంత సహజంగా అడిగాడాయన. ఆ ప్రశ్నలో అమాయకత్వం నాకు కనిపించలేదు. దేశంలో ఉన్నత విద్యను నడిపే వారికంటే ఆయనకే పరిస్థితి స్పష్టంగా అర్థమైందనిపించింది. ఎందుకంటే దానికి ధర నిజంగానే ఉంది.

ఆ బజారు ఎలా నడుస్తుందో తెలియనివారి కోసం కాస్త వివరిస్తాను. రచయితల దగ్గరే రుసుము పుచ్చుకుని, ఎవరూ చదివి పరీక్షించకుండా నాలుగు రోజుల్లో వ్యాసం అచ్చువేసే పత్రికలు వందల కొద్దీ ఉన్నాయి. ఇంకొకరు రాసిన వ్యాసంలో మీ పేరు చేర్చడానికి సామాజిక మాధ్యమాల్లో బహిరంగంగానే ప్రకటనలు వస్తాయి. మొదటి రచయిత స్థానానికి ఒక ధర, నాలుగో స్థానానికి ఇంకో ధర, రైలు బెర్తుల్లాగా. పేటెంట్ల కథ మరీ విచిత్రం. బ్రిటన్‌లో వస్తువు ఆకృతిని నమోదు చేయించుకునే సదుపాయం ఉంది. ఆ ఆకృతి కొత్తదా కాదా అని అక్కడి కార్యాలయం పరీక్షించదు, రుసుము కడితే కొద్ది వారాల్లోనే ధ్రువపత్రం వస్తుంది. దాన్నే ఇక్కడ "అంతర్జాతీయ పేటెంటు" అని ఫ్రేము కట్టిస్తారు. ఒక పరికరం బొమ్మ గీసి, దాని పేరులో కృత్రిమ మేధ అన్న మాట చేరిస్తే చాలు, పదిమంది అధ్యాపకులు ఆవిష్కర్తలవుతారు.

ఇది కొందరు దుర్మార్గుల పని అనుకుంటే పొరపాటు. దీనికి ప్రభుత్వ ముద్ర ఉంది. కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ఏటా ప్రకటిస్తున్న జాతీయ ర్యాంకుల్లో విశ్వవిద్యాలయాలకు నూటికి ముప్పై మార్కులు పరిశోధన పద్దు కింద ఉంటాయి. అందులో ప్రచురణల సంఖ్య, వాటిని ఇతరులు ఉటంకించిన సంఖ్య, పేటెంట్ల సంఖ్య చూస్తారు. అన్నీ లెక్కపెట్టదగినవే, చదవవలసింది ఒక్కటీ లేదు. ర్యాంకు వస్తే ఫీజు పెరుగుతుంది, సీట్లు నిండుతాయి. అధ్యాపకులకు లక్ష్యాలు పెట్టారు. అవి చాలక విద్యార్థుల మీద పడ్డారు. 2023లో 'సైన్స్' పత్రిక చెన్నైలోని ఒక దంతవైద్య కళాశాల గురించి సవివరమైన కథనం ప్రచురించింది. అక్కడ డిగ్రీ విద్యార్థులు నాలుగు గంటల పరీక్షలో కూర్చుని 1500 పదాల పరిశోధన పత్రాలు రాస్తారు, వాటిని పత్రికలకు పంపుతారు, వాటిలో అదే కళాశాలవారి పాత వ్యాసాల ఉటంకింపులు గుట్టలుగా ఉంటాయి, అలా ర్యాంకు ఎగబాకింది అన్నది ఆ కథనం సారాంశం. మన చిన్నప్పుడు పరీక్షలో ఆవు మీద వ్యాసం రాసేవాళ్లం. ఆవును చూసి రాసేవాళ్లమని మాత్రం చెప్పుకోవచ్చు.

తప్పు తెలిశాక ఏం చేశారు? నాణ్యమైన పత్రికల జాబితాను తానే తయారుచేస్తానని యూజీసీ కొన్నేళ్లు నడిపిన పట్టికను 2025లో ఎత్తేసి, పత్రిక మంచిదో కాదో మీ కళాశాలే నిర్ణయించుకోవాలని చెప్పింది. అంటే దొంగకే తాళంచెవి. ఉపసంహరించిన వ్యాసాలకు ర్యాంకుల్లో మార్కులు తగ్గిస్తామని కూడా 2025లోనే మొదలుపెట్టారు. అది మంచిదే, కాదనను. కానీ ఉపసంహరించాలంటే ముందు ఎవరో ఒకరు ఆ వ్యాసాన్ని చదవాలి కదా.

నిజమైన విద్యార్థి పరిశోధన ఎలా ఉంటుందో ఈ దేశానికి తెలియకపోలేదు. 2002 ఆగస్టులో కాన్పూర్ ఐఐటీ నుంచి ఒక వ్యాసం వెలువడింది. ఒక సంఖ్య ప్రధానసంఖ్య అవునో కాదో నిశ్చయంగా, తగినంత త్వరగా తేల్చే పద్ధతి ఉందా అన్న పాత ప్రశ్నకు అది జవాబు చెప్పింది. రాసినవారు ముగ్గురు: అధ్యాపకుడు మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. ఆ పనికి పునాది ఈ ఇద్దరి బీటెక్ ప్రాజెక్టు. తొమ్మిది పేజీలు. వాటిని ముందు ఇంటర్నెట్‌లో పెట్టి ప్రపంచంలోని గణితవేత్తలందరినీ తప్పులుంటే పట్టమన్నారు. 2004లో 'ఆనల్స్ ఆఫ్ మ్యాథమాటిక్స్' అచ్చువేసింది, 2006లో గ్యోడెల్ బహుమతి వచ్చింది. ఇద్దరు కుర్రాళ్ల డిగ్రీ చదువులోంచి ఒకే ఒక్క వ్యాసం. కామ్‌రేజ్ ఫలకం మీద దానికి చోటు దొరికేదా అని నా అనుమానం. అంకె మరీ చిన్నది.

అది ఐఐటీ, అక్కడ అన్నీ ఉంటాయి అంటారు. సరే, మన విశాఖపట్నానికే వద్దాం. శ్రీమతి ఎ.వి.ఎన్. కళాశాలలో చంద్రశేఖర అయ్యర్ అనే భౌతికశాస్త్ర అధ్యాపకుడు ఉండేవాడు. ఆయన కొడుకు వెంకట రామన్ చదువుకున్నదీ ఆ ఊళ్లోనే, ఆ కళాశాలలోనే. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో 1904లో బి.ఏ. ముగించి ఎం.ఏ. చదువుతూ, పట్టకం కోణాన్ని కొలిచే మామూలు ప్రయోగంలో కాంతి చారలు అసౌష్ఠవంగా పడటం గమనించాడు. రాసుకున్నదాన్ని ఆచార్యుడికిచ్చాడు. నెలలు గడిచినా ఆయన ఉలకలేదు, పలకలేదు. రామన్ దాన్ని తానే లండన్‌లోని 'ఫిలసాఫికల్ మ్యాగజైన్'కు పంపితే 1906 నవంబరులో అచ్చయింది. రచయిత ఒక్కడే. వయసు పద్దెనిమిది, అంటే నేటి లెక్కలో డిగ్రీ మొదటి ఏడాది పిల్లవాడి వయసు. ఆ రోజుల్లో ఆచార్యుడు తన పేరు పైన చేర్చమని అడగలేదు. ఈ రోజుల్లో ఆ వ్యాసం మీద విభాగాధిపతి, ప్రిన్సిపాల్, ఛైర్మన్ కుమారుడు వరుసగా కూర్చునేవారు.

ఇక్కడితో ఆగిపోతే ఇది మరో మహాపురుషుడి కథ. ఆగలేదు. రామన్ తన తండ్రి పేరిట అదే ఎ.వి.ఎన్. కళాశాలలో ఒక ఉపకారవేతనం ఏర్పాటు చేశాడు. 1930ల్లో ఇంటర్మీడియట్ చదువుతూ దాన్ని అందుకున్న విద్యార్థి కల్యంపూడి రాధాకృష్ణారావు. పదిమంది పిల్లల్లో ఎనిమిదోవాడు. తండ్రి పోలీసు ఉద్యోగంలో బదిలీ అయిన ఊరల్లా తిరుగుతూ గూడూరులో, నూజివీడులో, నందిగామలో చదివి విశాఖ చేరాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, ఉద్యోగం దొరక్క, 1941లో మహలనోబిస్ గణాంక సంస్థలో చేరాడు. 1945లో, పాతికేళ్ల వయసులో, ఆయన ప్రచురించిన ఒక్క వ్యాసంలో నేటికీ ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో చదివే రెండు ఫలితాలున్నాయి.

ఆ రెండిట్లో ఒకటి ఎలా పుట్టిందో చెప్పి తీరాలి. రావు కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, ఈ ఫలితం నమూనా అనంతంగా పెద్దదైతేనే వర్తిస్తుందంటున్నారు, మనకు దొరికే పరిమితమైన నమూనాలకు ఎందుకు నిరూపించరు అని అడిగాడు. ఆ విద్యార్థి తర్వాత ఆర్థికవేత్తగా ప్రసిద్ధుడైన వి.ఎం. దండేకర్. రావు ఆ రాత్రి కూర్చుని నిరూపించి మర్నాడు తరగతిలో చెప్పాడు. క్రామర్–రావు అసమానత అంటే అదే. కుర్రవాడు ప్రశ్న అడిగాడు. గురువు కసురుకోలేదు. విద్యార్థి పరిశోధన అంటే నా దృష్టిలో ముందు ఇది. దీన్ని ర్యాంకుల లెక్కలో ఏ పద్దు కింద వేస్తారో ఢిల్లీ పెద్దలు చెప్పాలి.

ఆ రావే ఏడాది తిరిగేసరికి కేంబ్రిడ్జి వెళ్లి, సూడాన్‌లో తవ్వితీసిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించాడు. ఖాళీ సమయంలో ఫిషర్ ప్రయోగశాలలో ఎలుకల జన్యువుల మీద పనిచేశాడు. మానవశాస్త్రం, జన్యుశాస్త్రం, గణితం. శాస్త్రాల హద్దులు దాటడమంటే అది. ఒక గట్టి పనిముట్టును చేతపట్టి, అది పనికొచ్చే ప్రతి చోటికీ వెళ్లడం. అయిదు శాస్త్రాల పేర్లు ఫలకం మీద రాయించుకోవడం వేరు. రావు 102 ఏళ్లు బతికి 2023 ఆగస్టులో కన్నుమూసినప్పుడు రెండు రాష్ట్రాల నాయకులూ సంతాపాలు ప్రకటించారు. ఆయన్ను తయారుచేసిన లాంటి కళాశాలలకు తాము ఏం చేస్తున్నారో ఆ ప్రకటనల్లో లేదు.

చేసింది నేను చెబుతాను. దాతలు కట్టి, ప్రభుత్వం అధ్యాపకుల జీతాలిచ్చి, పేద పిల్లవాడు నామమాత్రపు ఫీజుతో చదువుకునే ఏర్పాటును ఎయిడెడ్ కళాశాల అంటాం. తీరాంధ్రలో, రాయలసీమలో రెండు మూడు తరాల అధ్యాపకులు, ఇంజనీర్లు, వైద్యులు ఆ తలుపులోంచే బయటికొచ్చారు. 2021 ఆగస్టులో నాటి వైకాపా ప్రభుత్వం జీవో 42 తెచ్చింది. ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించండి, లేదా ఆస్తులతో సహా కళాశాలనే అప్పగించండి అన్నది దాని తాత్పర్యం. సిబ్బందిని తీసుకుపోతే మిగిలేది ఫీజులతో నడిచే ప్రైవేటు కళాశాల. నవంబరులో అనంతపురం ఎస్ఎస్‌బీఎన్ కళాశాల విద్యార్థులు వద్దని రోడ్డెక్కితే పోలీసు లాఠీ జవాబిచ్చింది. గగ్గోలు పుట్టాక, ఇష్టమైతే వెనక్కి తీసుకోవచ్చని ప్రభుత్వం మెత్తబడింది. అప్పటికే చాలా యాజమాన్యాలు సంతకాలు పెట్టేశాయి. ఇక ఆ పోస్టులను ఏళ్ల తరబడి నింపకుండా ఎండగట్టిన పుణ్యం మాత్రం ఒక్క పార్టీది కాదు. తెలుగుదేశానికీ, కాంగ్రెస్‌కూ అందులో సమాన వాటా ఉంది.

ప్రతిభను సంస్థలు గుర్తించకపోవడం ఒక నేరం. గుర్తించి మరీ శిక్షించడం అంతకంటే పెద్ద నేరం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో ఖాదీ కట్టి శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా పూర్తి ఎంబీబీఎస్ పట్టా బదులు తక్కువస్థాయి ఎల్ఎంఎస్‌తో బయటపడ్డాడు. హార్వర్డులో చదువుకుంటూ రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పళ్లేలు కడిగాడు. కండరాల శక్తికి మూలమైన పదార్థాలను గుర్తించిందీ, బోదకాలు మందు నుంచి క్యాన్సర్ మందు దాకా ఎన్నో ఔషధాల వెనుక నిలిచిందీ ఆయనే. తెల్లదొరల కాలం అనుకుందామా? 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మరణించిన రోహిత్ వేముల గుంటూరు హిందూ కళాశాలలో బీఎస్సీ చదివినవాడు. జీవశాస్త్రం నుంచి విజ్ఞానశాస్త్రానికీ సమాజానికీ గల సంబంధాల అధ్యయనానికి మళ్లిన పరిశోధకుడు. ఏడు నెలల ఫెలోషిప్ ఆపేసి, హాస్టల్ నుంచి గెంటివేసిన తర్వాతే అతను పోయాడు. శాస్త్రాల సరిహద్దు నిజంగా దాటినవాడికి ఈ రాజ్యం ఏమిచ్చిందో, దాటినట్టు ఫలకం కట్టినవాడికి ఏమిస్తోందో పక్కపక్కన పెట్టి చూడండి.

శాస్త్రాల మేళవింపు జాతీయ విద్యావిధానంతోనే మొదలైందన్నట్టు మాట్లాడటం ఇప్పుడొక అలవాటైంది. మన ఊళ్లలో బీఎస్సీ అంటే తరతరాలుగా మూడు శాస్త్రాల చదువు. ఎంపీసీ, బీజడ్‌సీ అని పల్లెల్లో అమ్మమ్మలకు కూడా తెలుసు. ఉదయం కప్పను కోసినవాడే మధ్యాహ్నం లవణ విశ్లేషణ చేసేవాడు. ప్రయోగశాలలో గాజుసామాను లేకపోవచ్చు, గ్యాసు రాకపోవచ్చు, కానీ మూడు కళ్లతో చూడటం అలవాటయ్యేది. ఆంధ్రప్రదేశ్ దాన్ని 2023–24లో పక్కనబెట్టి, ఒకే ప్రధానాంశం పద్ధతి తెచ్చింది. ఒక చేత్తో మూడు శాస్త్రాలను ఒకటి చేసి, రెండో చేత్తో "బహుశాస్త్ర దృష్టి" అని ఉపన్యాసం. ఇంకోపక్క హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ బీటెక్‌తో పాటు పరిశోధన పట్టాను కలిపి, భాషాశాస్త్రం, ప్రకృతి శాస్త్రాలు, మానవీయ శాస్త్రాలతో కంప్యూటర్ చదువును ముడివేసి ఏళ్లుగా నడుపుతోంది. అక్కడ పిల్లలు పరిశోధన కేంద్రాల్లో పనిచేస్తూనే డిగ్రీ ముగిస్తారు. అంటే ఎలా చేయాలో మనకు తెలుసు. అయితే అక్కడి ఫీజు కట్టగలిగేది ఎవరన్నది వేరే ప్రశ్న.

ఫీజు కట్టలేని గ్రామీణ పిల్లల కోసమే 2008లో రాజీవ్ గాంధీ విశ్వవిద్యాలయం కింద బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టారు. పదో తరగతిలో ఊరికి మొదటివాడిగా వచ్చిన పిల్లవాడిని ఆరేళ్లు చదివించాలన్న ఆలోచన గొప్పది. దాన్ని ఎవరైనా మెచ్చుకోవాలి, నేనూ మెచ్చుకుంటాను. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు వేలమంది ఎండలో, వానలో వారంపాటు కూర్చున్నారు. వారి డిమాండ్లు పన్నెండు. శాశ్వత ఉపకులపతిని నియమించండి, అధ్యాపకులను ఇవ్వండి, ల్యాప్‌టాప్‌లు ఇవ్వండి, మెస్ బాగుచేయండి. నోబెల్ బహుమతి అడగలేదు వాళ్లు. మంత్రి వచ్చి హామీ ఇచ్చాక లేచారు. మరుసటి నెలలో మెస్ భోజనం తిని వందలమంది అస్వస్థులయ్యారు. అన్నంలో ఏముందోనని భయపడుతూ తినే పిల్లవాడు కణశాస్త్రంలో ఏం కనుక్కోవాలి?

విద్యావిధానం కింద నాలుగేళ్ల డిగ్రీ వచ్చింది. నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్స్ పట్టా ఇస్తామన్నారు. బాగానే ఉంది. 2022 డిసెంబరులో యూజీసీ విడుదల చేసిన చట్రం ప్రకారం, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు వచ్చినవారే ఆ దారి పట్టాలి. పర్యవేక్షించే విభాగంలో పీహెచ్‌డీ మార్గదర్శకులుగా గుర్తింపు పొందిన శాశ్వత అధ్యాపకులు కనీసం ఇద్దరుండాలి. ఆదిలాబాద్‌లోనో, పాడేరులోనో, కదిరిలోనో ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు వెళ్లి ఆ ఇద్దరిని వెతకండి. గంటల లెక్కన జీతం తీసుకునే అతిథి అధ్యాపకుడు కనిపిస్తాడు. వేసవి సెలవుల్లో ఆయనకు జీతం కూడా ఉండదు. తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు నింపడానికి ఉమ్మడి నియామక మండలి బిల్లును శాసనసభ 2022 సెప్టెంబరులో ఆమోదిస్తే, అది రాజ్‌భవన్‌లో నెలలు నిద్రపోయి, చివరికి రాష్ట్రపతి పరిశీలనకు వెళ్లింది. దానికి ముందు ఎనిమిదేళ్లు ఖాళీలు నింపకుండా కూర్చున్నవారు, గవర్నర్ మీద కోపంతో తమ పాపం కడిగేసుకున్నారు.

డబ్బు సంగతి. దేశం తన జాతీయోత్పత్తిలో పరిశోధన మీద పెడుతున్నది 0.64 శాతం, అదీ 2020–21 లెక్క. దాన్ని పెంచుతామంటూ 2023లో జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం చేశారు. అయిదేళ్లకు 50,000 కోట్లు అని శీర్షికలు. అందులో ప్రభుత్వ ఖజానా నుంచి వచ్చేది సుమారు 14,000 కోట్లే, మిగిలినది పరిశ్రమల నుంచి, దాతల నుంచి వస్తుందని ఆశ. 2025 జులైలో కేంద్ర మంత్రివర్గం మరో లక్ష కోట్ల పథకాన్ని ఆమోదించింది. అది ప్రధానంగా ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో ఇచ్చే రుణం. కార్పొరేట్లకు లక్ష కోట్లు పెట్టగలిగిన ప్రభుత్వమే, ఇంటర్ నుంచే పిల్లలను మూల శాస్త్రాల వైపు ఆకర్షించడానికి 1999లో మొదలైన కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజనను 2022లో చుట్టచుట్టి ఇన్‌స్పైర్ పథకంలో కలిపేసింది. దాని కింద డిగ్రీ పిల్లవాడికి ఇచ్చేది నెలకు అయిదు వేలు. దాంతో దేశం దివాలా తీసేది కాదు. ఆ అయిదు వేలతో ఎంతమంది పిల్లలు ఇంట్లో "ఇంజనీరింగ్ వద్దు" అని చెప్పగలిగారో నాకు తెలిసిన కుటుంబాలే చెబుతాయి. అబ్బాయి సంపాదన మొదలైందనుకుని తండ్రి తగ్గేవాడు.

నా మీద రాబోయే విమర్శ నాకు తెలుసు. గుజరాత్ విద్యార్థుల ఆవిష్కరణలకు 2017లోనే ప్రత్యేక విధానం తెచ్చి నమూనాల తయారీకీ, పేటెంట్ల దాఖలుకూ డబ్బిస్తోంది, దాన్నెందుకు మెచ్చుకోరు అంటారు. మెచ్చుకుంటాను. డిగ్రీ పిల్లవాడి చేతికి ప్రభుత్వ సొమ్ము నేరుగా చేరడం మంచి ఆలోచనే, తెలుగు రాష్ట్రాలు చూసి నేర్చుకోవలసినదే. అయితే ఆ సొమ్ము పేటెంటు కాగితం దగ్గర ఆగిపోతే, ఆ కాగితాన్నే సరుకుగా అమ్మేవాళ్లు పుడతారు. ఇంకో విమర్శ కాస్త బరువైనది. చిన్న ఊరి కుర్రాడికి ఒక ప్రశంస దక్కితే మీ కళ్లెందుకు మండుతున్నాయి, ఐఐటీవాడికైతే పొగడ్త, కామ్‌రేజ్ వాడికైతే అనుమానమా? ఈ ప్రశ్న నన్ను ఆలోచింపజేసింది. నిజమే, నాగరికుల చులకన నాలోనూ ఉండవచ్చు. కానీ ఆ కుర్రాడి పరిశోధన నిజమైతే, ఈ బజారు వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయేది అతనే. రేపు ఏ ప్రయోగశాల తలుపు తట్టినా, అతని జాబితా చూసి అవతలివారు ముందు చేసేది అనుమానించడమే. అతని సొంత చెమట, పక్కవాడు కొన్న కాగితం ఒకే పద్దులో పడ్డాయి. పెద్దలు చేసిన ఆ దగాకు ఏ కళాశాల యాజమాన్యం, ఏ మంత్రి జవాబు చెబుతాడు?

లింబాయత్ ఆయనకు ఆ రాత్రి నేను ధర చెప్పలేదు. తెలియక కాదు. మాట మార్చి, పిల్లవాడికి ఏ పాఠం ఇష్టమని అడిగాను. ఆ అబ్బాయి అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. రంగుల అద్దకం నుంచి వదిలే నీళ్లలో ఏముంటుందో తెలుసుకోవాలని ఉందన్నాడు, మా కాలువ వారానికో రంగులో పారుతుంది అన్నాడు. కాలేజీలో అడిగితే "అది సిలబస్‌లో లేదు" అన్నారట. సూరత్ అద్దకం మిల్లుల నడుమ పెరిగిన పిల్లవాడికి అంతకంటే మంచి పరిశోధన ప్రశ్న ఎవరివ్వగలరు?

మొన్న దసరాకు ఆయన ఫోన్ చేశాడు. అబ్బాయి మూడో ఏడాదికొచ్చాడట. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఏటా వేసవిలో విద్యార్థులను పేరున్న ప్రయోగశాలలకు పంపుతాయి, దానికి దరఖాస్తు పెట్టించు అన్నా అని చెప్పాను. రెండు నెలలు అక్కడే ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయవచ్చని వివరించాను.

"ఎంత గట్టాలె సార్?"

కట్టనక్కర్లేదు, వాళ్లే భృతి ఇస్తారు, రైలు ఛార్జీ కూడా ఇస్తారు అన్నాను. అవతల సాంచెల చప్పుడు తప్ప కాసేపు ఏమీ వినపడలేదు. "గట్లెట్ల ఇస్తరు సార్, పైసలు దీస్కోకుండ పేపరెవ్వలేస్తరు?" అన్నాడాయన.